ఇంట్లోకి గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది?

(హైదరాబాద్‌లో అపార్టుమెంటు నివాసుల సంఘాల ఉమ్మడి సమావేశంలో ఒక మెకానికల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం. చివరన సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

భవనాలకు ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేయడం నా వృత్తి. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ కట్టేటప్పుడు అక్కడ గంటకు ఎన్నిసార్లు గాలి మారాలో లెక్క కడతాం, కట్టాక కొలుస్తాం, కొలిచిన అంకెలు కాగితం మీద రాసి సంతకం పెట్టి అప్పగిస్తాం. ఆఫీసులకూ అంతే. మనిషి రోజులో సగానికి పైగా గడిపే సొంత ఇంటికి మాత్రం ఆ లెక్క కట్టేవారు లేరు. ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, మంజీరా నీళ్లు వస్తాయా అని అడుగుతాం, బోరు ఎంత లోతులో పడిందో కనుక్కుంటాం, కారు పార్కింగ్ కొలిపిస్తాం. ఇవన్నీ అడగవలసినవే. వాటితోపాటు ‘ఈ ఇంట్లోకి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది’ అని కూడా అడగాలి. నేను ఈ రోజు మాట్లాడబోయేది దాని గురించే.

మొదట పడకగది లెక్క చెబుతాను. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది అనుకుందాం. అందులో పట్టే గాలి 1,320 ఘనపుటడుగులు, అంటే దాదాపు 37,000 లీటర్లు. రాత్రి పది గంటలకు తలుపు వేసి, కిటికీలు బిగించి, ఏసీ పెట్టుకుని ఇద్దరు పడుకున్నారు. నిద్రలో ఒక్కొక్కరు గంటకు సుమారు 12, 13 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతారు. ఇద్దరిదీ కలిపి 25 లీటర్లు. గదిలో ఎక్కడా సందు లేకపోతే ప్రతి గంటకూ 650 పీపీఎం పైచిలుకు పెరుగుతూ పోతుంది. పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లో చెప్పే కొలత. బయటి గాలిలో ఇప్పుడు 420కి కాస్త పైన ఉంటుంది. తలుపు కింద సందు ఉంటుంది కాబట్టి గదిలో లెక్కలో చూపినంత పెరగదు. అయినా తెల్లవారేసరికి 2,000 దాటడం మామూలే. ఎనిమిది గంటలు నిద్రపోయినా తల బరువుగా లేవడానికి, గొంతు ఎండిపోవడానికి వయసు, పని ఒత్తిడి, దిండు అంటూ రకరకాల కారణాలు వెతుకుతాం. గదిలో గాలి మారిందా అని ఒక్కసారి చూడండి.

‘ఏసీ ఉంది కదా, గాలి మారుతూనే ఉంటుంది’ అనే మాట నాకు తరచుగా వినిపిస్తుంది. బాగా చదువుకున్నవారు, ఇంజనీర్లు కూడా అంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఇసుమంత కూడా లోపలికి తీసుకురాదు. గోడకు పెట్టిన యూనిట్ నుంచి బయటి యూనిట్‌కు వెళ్లేవి రెండు రాగి గొట్టాలు, వైర్లు, నీళ్లు పోయే ఒక పైపు. గొట్టాల్లో తిరిగేది గ్యాసు. గదిలోని గాలినే పీల్చి, చల్లబరచి, తేమ కొంత పిండి, అదే గదిలోకి వదులుతుంది. మీరు వదిలిన ఊపిరి, పక్కన పడుకున్నవారు వదిలిన ఊపిరి, దోమల మందు, పరుపు దుమ్ము రాత్రంతా అలా తిరుగుతూనే ఉంటాయి.

ఈ బల్ల మీద పెట్టిన, కార్బన్ డయాక్సైడును కొలిచే చిన్న మీటరు చూడండి. కుర్చీలు సర్దేటప్పుడు, తలుపులన్నీ తెరిచి ఉన్నప్పుడు ఇది 460 చూపించింది. ఇప్పుడు 1,240 దగ్గర ఉంది. బాబూ, ఆ వెనక రెండు కిటికీలు, ఇటువైపు తలుపు తెరవండి. ఒక పక్కవే తెరిస్తే చాలదు, ఎదురుగా ఉన్నవి కూడా తెరవాలి. గాలికి లోపలికి రావడానికి ఒక దారి, బయటికి పోవడానికి మరో దారి ఉండాలి. కాసేపటి తర్వాత మళ్లీ చూద్దాం.

ఈ కొలత నిన్న మొన్న పుట్టింది కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరానికి చెందిన మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త 1858లోనే గదిలో కార్బన్ డయాక్సైడు 1,000 పీపీఎం దాటకూడదని చెప్పాడు. అంత మోతాదులో అది విషమని ఆయన అనలేదు. మనుషుల నుంచి వెలువడే మిగతా కల్మషాలను కొలవడం కష్టం, దీన్ని కొలవడం తేలిక, ఇది పెరిగిందంటే గాలి మారడం లేదని గుర్తు అన్నాడు. నేటికీ దీన్ని చూడవలసిన పద్ధతి అదే. మీటరులో 1,500 కనిపిస్తే కంగారుపడి ఆసుపత్రికి పరుగెత్తవద్దు. కిటికీ తెరవండి.

మన పాత ఇళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. నడుమ ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. ఎండెక్కాక వేడిగాలి నడుమ నుంచి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి వీధి వైపు నుంచి, పెరటి వైపు నుంచి గాలి గదుల గుండా లోపలికి వస్తుంది. ఫ్యాను లేదు, కరెంటు లేదు. హైదరాబాద్ పాత ఇళ్లలో గోడ పైభాగాన, కప్పుకు జానెడు కింద రోషన్‌దాన్ ఉండేది. కోస్తాలో దాన్నే వెంటిలేటర్ అనేవారు. వేడెక్కిన గాలి కప్పు దగ్గరికే చేరుతుంది కాబట్టి బయటికి పోయే దారి కూడా అక్కడే పెట్టారు. కిటికీ మూసినా అది తెరిచే ఉండేది. అలాగని పాత ఇళ్లన్నీ ఆరోగ్యమైనవని నేను అనను. కట్టెల పొయ్యి పొగలో కళ్లు, ఊపిరితిత్తులు పాడైన ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. నేను చెప్పేది ఒక్క విషయమే. గాలికి దారి ముందే వేసి ఇల్లు కట్టడం మనకు తెలిసిన విద్య. ఫ్లాట్లకు వచ్చాక ఆ విద్య వదిలేశాం, దాని స్థానంలో మరొకటి పెట్టుకోలేదు.

వదిలేయడానికి కారణాలున్నాయి. ఏసీ చల్లదనం పోతుందని రోషన్‌దాన్ మూసేశాం. కర్ర కిటికీల సందుల్లోంచి దుమ్ము వస్తుందని రబ్బరు బీడింగ్ ఉన్న యూపీవీసీ కిటికీలు పెట్టాం. రోడ్డు మోత వినిపించకుండా రెండు పొరల అద్దం వేశాం. ఏ ఒక్కటీ తప్పు కాదు, ఏసీ కరెంటు ఆదా కావాలంటే సందులు మూయవలసిందే. అయితే ఇంతకాలం మనకు తెలియకుండా గాలి మార్చిపెట్టినవి ఆ సందులే. చలిదేశాలు ఈ పాఠం మనకంటే ముందు నేర్చుకున్నాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడ ఇంధనం ఆదా చేయడానికి ఇళ్లను బిగించడం మొదలుపెట్టారు. 1977లో కెనడాలోని రెజైనాలో ఒక ప్రయోగాత్మక ఇల్లు కట్టారు. చాలా గట్టిగా బిగించారు, దానితోపాటే బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం కూడా పెట్టారు. బిగించడం, గాలి మార్చడం రెండూ జంటగా జరగాలని వాళ్లు అప్పుడే గ్రహించారు. జపాన్‌లో కొత్త ఇళ్లలోని ప్లైవుడ్, జిగుర్ల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌తో జనం జబ్బుపడ్డాక 2003లో చట్టం మార్చారు. కొత్త ఇంట్లో గంటకు కనీసం సగం గాలి మార్చే యంత్రం ఉండి తీరాలి, రోజంతా నడవాలి. మనం మాత్రం బిగించడం నేర్చుకుని, గాలి మార్చే పని దగ్గర ఆగిపోయాం.

ఇంట్లో గాలిని పాడుచేసేవి ఏమిటో చూద్దాం. వంటగదితో మొదలుపెడతాను. ఒక కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడు, కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడతాయి. మనం తెప్పించుకునే 14.2 కిలోల సిలిండరు అయిపోయేలోగా 22 కిలోల నీటిని, 42 కిలోల కార్బన్ డయాక్సైడును ఇంటి గాలిలో కలుపుతుంది. ఇందులో అన్నం, పప్పు ఉడికినప్పుడు లేచే ఆవిరిని కలపలేదు. మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడు వేరు. ఆ పైన పోపు. నూనె కాగి, ఎండుమిర్చి వేగి, ఇల్లంతా దగ్గినప్పుడు కంటికి కనిపించే పొగ కొంతే, కనిపించని సన్నటి రేణువులు దానికి ఎన్నో రెట్లు. పీఎం 2.5 అని పేపర్లలో చదువుతుంటారే, అవి ఇవే. రోజంతా సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశ ప్రమాణం 60. తలుపులు మూసిన వంటింట్లో చేపల వేపుడు చేసేటప్పుడు ఈ రేణువులను కొలిచే మీటరు పెడితే కొన్ని వందలు చూపిస్తుంది.

ఇక దోమల చుట్టలు. చైనా, మలేసియాల్లో అమ్మే చుట్టలను పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నటి రేణువులు వస్తాయని అందులో తేలింది. దాన్ని పసిపిల్లలు పడుకునే గదిలో, కిటికీలు మూసి పెడతాం. దయచేసి ఆ అలవాటు మానండి. అగరుబత్తి వెలిగించవద్దని నేను చెప్పను. పూజ చేసుకునేటప్పుడు ఆ గది కిటికీ తెరిచి ఉంచండి, అంతే.

కొత్త ఫ్లాటు మాటేమిటి? ఇంటీరియర్ పని ముగిసిన వారానికే గృహప్రవేశం, పాలు పొంగించడం, మర్నాటి నుంచి కాపురం. అల్మారాల ప్లైవుడ్, లామినేట్ జిగురు, పాలిష్ మొదటి వారాల్లోనే ఎక్కువ వాయువులు వదులుతాయి. ముహూర్తం మార్చుకోమని చెప్పడం లేదు. పని ముహూర్తానికి నెల ముందే ముగిసేలా చూసుకోండి, ఆ నెలంతా అల్మారా తలుపులతో సహా అన్నీ తెరిచి ఉంచండి. చెక్క కొనేటప్పుడు ఈ1 గాని, అంతకంటే మెరుగైన ఈ0 గాని అడగండి. ఫార్మాల్డిహైడ్ ఎంత తక్కువగా వదులుతుందో చెప్పే గుర్తులు అవి.

మీటరు ఒకసారి చూద్దాం. 790. చూశారా? రెండు కిటికీలు, ఒక తలుపు తెరిచాం, అంతే.

‘అయితే కిటికీలు తెరుచుకుంటే సరిపోతుంది కదా, యంత్రాలెందుకు’ అని మీకు అనిపించవచ్చు. తెరవగలిగిన రోజుల్లో తెరవడమే మేలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో తెరవలేం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నగరం మీద చల్లగాలి కదలకుండా పరుచుకుని పొగను నేలకు నొక్కిపెడుతుంది, ఆ వేళ తెరిస్తే మేలుకు బదులు కీడు. చలికాలంలో మధ్యాహ్నం తెరవండి. సాయంత్రం ఆరు దాటితే దోమలు. అర్ధరాత్రి లారీల మోత. ఏడాదిలో కిటికీ మూసి ఉంచే గంటలు లెక్కపెడితే చాలా ఉంటాయి. ఆ గంటలకు ఒక ఏర్పాటు కావాలి.

ఎంత గాలి కావాలి? అమెరికా ఇంజనీర్ల సంస్థ ఆష్రే ఇళ్లకు ఒక సూత్రం ఇచ్చింది. మా వృత్తిలో ప్రపంచమంతా దాన్ని చూస్తారు. చదరపు అడుగుల విస్తీర్ణంలో నూటికి మూడు, దానికి పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి ఏడున్నరతో గుణించినది కలపాలి. 1,200 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు 36, 22.5 కలిపి దాదాపు 60. నిమిషానికి 60 ఘనపుటడుగుల బయటి గాలి. ఆ లెక్కన మూడు గంటల పైచిలుకుకు ఇంట్లో గాలి మొత్తం ఒకసారి మారుతుంది. ఇది పెద్ద తుఫాను కాదు. చేయి పెడితే కూడా సరిగా తెలియనంత నెమ్మది. కాకపోతే ఆగకూడదు.

దీన్ని సాధించడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది, గాలిని బయటికి లాగడం. బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను నిరంతరం నెమ్మదిగా నడుస్తుంది, పడకగది కిటికీ పైన పెట్టిన సన్నని చీలికల్లోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. చౌక, సులువు. 40 వాట్ల ఫ్యాను రోజంతా తిరిగినా ఖర్చయ్యేది ఒక్క యూనిట్. ఇందులో ఒక ప్రమాదం ఉంది, కాస్త శ్రద్ధగా వినండి. మీరు గాలి లాగుతున్నారంటే ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి అది లోపలికి రావాలి. దారి మీరు చూపకపోతే అదే వెతుక్కుంటుంది. చాలా ఫ్లాట్లలో అది వెతుక్కునేది నహానీ ట్రాప్‌ను, అంటే బాత్రూము నేలలో నీళ్లు పోయే చోట, డ్రైనేజీ వాసన రాకుండా నీళ్లు నిలిచి ఉండే గిన్నెను. వాడని బాత్రూములో ట్రాప్‌లో నీళ్లు ఎండిపోతాయి, ఫ్యాను వేయగానే డ్రైనేజీ వాసన ఇంట్లోకి వస్తుంది. బాత్రూము వాసన పోవాలని ఫ్యాను వేస్తే వాసన పెరిగిందని చెప్పే ఇళ్లు నేను చాలా చూశాను. ఆ ట్రాప్‌లో వారానికి ఒక చెంబు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది, అసలు మందు మాత్రం కొత్త గాలికి దారి చూపడమే. ఇంకో చిక్కు షాఫ్టు, అంటే బాత్రూముల పక్కన కింది నుంచి మేడదాకా వదిలే ఖాళీ. మీ ఫ్యాను, పై ఇంటి ఫ్యాను, కింది ఇంటి లూవర్ అద్దాలు అన్నీ ఒకే షాఫ్టులోకి ఉంటాయి. షాఫ్టు పైన రేకో, పాలికార్బనేట్ షీటో వేసి మూసేస్తే ఒకరి గాలి మరొకరి ఇంట్లోకి పోతుంది. సంఘాల బాధ్యులు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఈ వారమే మేడ ఎక్కి మీ షాఫ్టుల పైకప్పు చూడండి. వాన పడకుండా కప్పు ఉండవచ్చు. చుట్టూ గాలి పోయేందుకు కనీసం ఒక అడుగు ఎత్తున తెరిచి ఉండాలి.

రెండోది, బయటి గాలిని వడగట్టి లోపలికి తోయడం. బాల్కనీ వైపు గోడకు నాలుగంగుళాల రంధ్రం కోర్ కటింగ్‌తో వేయించి, ఒక చిన్న ఫ్యాను, ఒక ఫిల్టరు పెట్టె పెడతారు. ఇల్లు లోపలి నుంచి కొద్దిగా ఉబ్బినట్టు ఉంటుంది కాబట్టి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు. మన నగరాల దుమ్ముకు, కోస్తా తేమకు మొదటి పద్ధతి కంటే ఇది నాకు నచ్చుతుంది. ఫిల్టరు మెర్వ్ 13 స్థాయిది అడగండి. ఫిల్టరు ఎంత సన్నటి రేణువులను ఎంతమేర పట్టగలదో చెప్పే అంకె అది. ఒకటి నుంచి మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్లో నూటికి 85 పట్టుకుంటుంది.

మూడోది ఎంత గాలి పంపితే అంత బయటికి తీసే సమతూకం పద్ధతి. ఇందులో ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అనే పెట్టె ఉంటుంది. బయటికి పోయే చల్లటి గాలి, లోపలికి వచ్చే వేడి గాలి ఒక పొరకు అటూ ఇటూ ప్రయాణిస్తాయి, కలవవు. పోయే గాలి చల్లదనం వచ్చే గాలికి అందుతుంది. ఆ పొర నీటి ఆవిరిని కూడా దాటనిస్తుంది. మన తీరప్రాంతానికి ఈ చివరి గుణమే ముఖ్యం. ఎందుకో లెక్కతో చెబుతాను.

మే నెలలో హైదరాబాద్ తీసుకుందాం. బయట 40 డిగ్రీలు, లోపల 26. నిమిషానికి 60 ఘనపుటడుగుల గాలిని చల్లబరచడానికి దాదాపు 470 వాట్ల చల్లదనం కావాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఇచ్చేది 5,200 వాట్లకు పైగా. అంటే కొత్త గాలి భారం ఒక్క ఏసీలో పదో వంతు కూడా కాదు, కరెంటులో చూస్తే దాదాపు 140 వాట్లు. ‘గాలి మారిస్తే ఏసీ బిల్లు పేలిపోతుంది’ అనే భయానికి ఆధారం లేదు. మీ బిల్లు పెంచేది నెత్తిన కాగే శ్లాబు, పడమటి గోడ, నీడ లేని అద్దం. పై అంతస్తువారు మేడకు తెల్లటి పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే. ఏసీ 20లో పెట్టి దుప్పటి కప్పుకోవడం మాని 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి. ఒక్క డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది.

ఇప్పుడు వానాకాలం విశాఖపట్నం. ఉష్ణోగ్రత 33 డిగ్రీలే గానీ కిలో గాలిలో 20 గ్రాములకు పైగా నీటి ఆవిరి ఉంటుంది. ఏసీ గదిలో హాయిగా ఉండే గాలిలో 10, 11 గ్రాములు. నిమిషానికి 60 ఘనపుటడుగులంటే గంటకు 120 కిలోల గాలి. అంటే గంటకు లీటరుకు పైగా నీటిని ఏసీ పిండి తీయాలి. హైదరాబాద్ వేడి కంటే ఈ తేమ భారం ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. చలిదేశాల్లో వాడే, వేడిని మాత్రమే మార్చే హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) పెట్టెను ఇక్కడ అమ్మజూపేవారు ఉంటారు. తీరంలో అది సగం పని కూడా చేయదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు బంధువులుంటే ఈ ఒక్క మాట చెప్పండి, తేమను కూడా మార్చే పొర ఉందా అని అడిగి కొనమనండి.

వీటిని పెట్టించే సంగతి సూటిగా చెబుతాను. ఈఆర్‌వీని ఇల్లు కట్టేటప్పుడు, ఫాల్స్ సీలింగ్ వేయకముందే పెట్టించాలి. నాలుగంగుళాల పైపులు ఎనిమిది, తొమ్మిది అంగుళాల సీలింగ్‌లో సులభంగా పడతాయి. కాపురం ఉన్న ఇంట్లో అన్నీ విప్పి పెట్టించడం చాలామందికి అక్కర్లేని పని. వారికి రెండో పద్ధతి చాలు. పడకగదులకు గాలి ఇవ్వాలి, వంటగది, బాత్రూముల నుంచి తీయాలి, ఈ వరుస తిరగబడకూడదు. తలుపుల కింద ముప్పావు అంగుళం సందు ఉంచాలి, లేకపోతే గాలి గది దాటి రాదు. ఆ సందును డోర్ స్ట్రిప్ అంటించి మూసేయవద్దు. యంత్రం పెట్టి ఫిల్టరు మరచిపోతే ఆరు నెలల్లో అది నల్లబడి గాలి ఆగుతుంది. ఫిల్టరు విప్పడానికి స్టూలు ఎక్కి ఎనిమిది స్క్రూలు తీయాల్సి వస్తే ఎవరూ విప్పరు. చేతికి అందేచోట పెట్టమని పట్టుబట్టండి.

కొత్తగా కట్టేవారికి ఇంకొక మాట. మన దేశంలో నివాస భవనాలకు 2018లో ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి వచ్చింది. ఇంటి కార్పెట్ విస్తీర్ణంలో ఇంత వంతు తెరుచుకునే కిటికీలు ఉండాలని అందులో ఉంది. హైదరాబాద్ వాతావరణానికి ఎనిమిదో వంతు, విశాఖ లాంటి తేమ ప్రాంతానికి ఆరో వంతు. వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ విస్తీర్ణానికి ఇక్కడ 125, అక్కడ 166 చదరపు అడుగులు. ‘తెరుచుకునే’ అన్నది గమనించండి. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. బిల్డరు బ్రోచరులో ఎంత అద్దం చూపించినా, అందులో తెరుచుకునేది ఎంతో అడగండి. కిటికీల షెడ్యూల్, అంటే కొలతల పట్టిక, తెప్పించుకుని మీరే కూడండి, పావుగంట పని.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం. అది ఉంటే ఇవన్నీ అక్కర్లేదు కదండీ?

అక్కర ఉందమ్మా. ప్యూరిఫయర్ దుమ్మును, పొగ రేణువులను బాగా పడుతుంది, దీపావళి రాత్రి నిజంగా పనికొస్తుంది. కార్బన్ డయాక్సైడును అది తీయదు, తేమను తీయదు, కొత్త ఆక్సిజన్ తేదు. బిందెలో నీళ్లు మార్చకుండా అవే మళ్లీ మళ్లీ వడగట్టుకున్నట్టు. రెండూ ఉంటే మంచిది. ఒక్కటే అయితే గాలి మార్చే ఏర్పాటు ముందు.

ప్రశ్న: మా వంటింట్లో పెద్ద చిమ్నీ ఉంది, గంటకు 1,200 ఘనపు మీటర్లని డబ్బా మీద రాశారు. అయినా పోపు వాసన హాల్లోకి వస్తోంది.

డబ్బా మీద అంకె పైపు తగిలించకముందు కొలిచినది. మీ చిమ్నీ పైపు ఎక్కడికి పోతోంది? యుటిలిటీ బాల్కనీలోకా? అక్కడి నుంచి తిరిగి మీ తలుపులోంచే లోపలికి వస్తుంది. ఆరంగుళాల పైపుకు బదులు నాలుగంగుళాలది వేశారా, మెలికల గొట్టం అల్మారాల వెనక మూడు వంపులు తిరిగిందా చూడండి. ఒక్కో వంపు దగ్గర లాగుడు తగ్గుతుంది. నున్నటి పైపు, ఒకటి లేదా రెండు వంపులు, నేరుగా బయటి గోడకు. కొన్ని చిమ్నీలకు అసలు పైపే ఉండదు, కార్బన్ ఫిల్టరులోంచి గాలి మళ్లీ వంటింట్లోకే వస్తుంది. డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న మన పిల్లల ఇళ్లలో పొయ్యి పైన మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాన్లు చాలావరకు ఈ రకమే, తిరగమాతకు అవి చాలవు. ఒక చిన్న పరీక్ష చేయండి. చిమ్నీ వేసి, ఇంటి తలుపులు కిటికీలు మూసి, వంటింటి కిటికీ దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకోండి. కిటికీ రెండంగుళాలు తెరవగానే కాగితం లోపలికి గట్టిగా వంగితే, ఇంతసేపూ చిమ్నీకి గాలి అందలేదని అర్థం. వంట చేసినంతసేపూ ఆ రెండంగుళాలు తెరిచి ఉంచండి, పొయ్యి ఆర్పాక ఇంకో పది నిమిషాలు చిమ్నీ నడవనివ్వండి. వెనక పొయ్యి మీద వేపుడు చేస్తే ముందు పొయ్యి కంటే పొగ బాగా లాగుతుంది.

ప్రశ్న: దోమల మెష్ గాలిని ఆపుతుందా?

కొంత ఆపుతుంది, దుమ్ము పట్టిన మెష్ చాలా ఆపుతుంది. తీసి కడగగలిగే మెష్ పెట్టించుకోండి. దోమలకు మెష్, మంచం మీద దోమతెర, ఈ రెండూ ఉంటే చుట్టలు, ద్రావణాల అవసరం చాలావరకు పోతుంది.

ప్రశ్న: వానాకాలంలో అల్మారాలో బట్టలకు బూజు పడుతోంది. సున్నం వేయించినా మళ్లీ వస్తోంది.

గోడలోంచి నీరు కారడం లేదు కదా? కారితే ముందు అది బాగుచేయించాలి. కారకపోతే, తేమే కారణం. వాషింగ్ మెషీనులో ఒక విడత బట్టలు ఇంట్లో ఆరేస్తే లీటరుకు పైగా నీరు గదిలో కలుస్తుంది. పడకగదిలో ఆరేయకండి, ఎగ్జాస్ట్ ఉన్న బాత్రూములోనో యుటిలిటీలోనో ఆరేసి ఫ్యాను వేయండి. బయటి గోడకు ఆనించిన అల్మారాను రెండంగుళాలు ముందుకు జరపండి. 500 రూపాయల లోపు దొరికే తేమ మీటరు ఒకటి గదిలో పెట్టండి, 60 శాతం దాటి ఉండిపోతుంటే బూజుకు, పరుపు దుమ్ములో పెరిగే కంటికి కనిపించని పురుగులకు అది అనుకూలం.

ప్రశ్న: మా బాత్రూములో గ్యాస్ గీజరు ఉంది సార్. చిన్న కిటికీ ఉంది, చలికాలం మూసేస్తాం. ఫరవాలేదా?

అమ్మా, దాన్ని ఈ రోజు నుంచే వాడకండి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, అందరూ వినండి. మూసిన బాత్రూములో గ్యాస్ గీజరు మంట గదిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది, ఆక్సిజన్ తగ్గిన కొద్దీ కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్నవారికి కళ్లు తిరుగుతాయి, తలుపు తీసే ఓపిక ఉండదు. మన దేశంలో ప్రతి చలికాలం ఇలా ప్రాణాలు పోతున్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం కదా అని ధైర్యపడవద్దు. ఫ్యాను లాగుడుకు గీజరు పొగ వెనక్కి తిరిగి గదిలోకే రావచ్చు. గీజరును గాలి ఆడే బయటి బాల్కనీకి మార్పించి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెప్పించుకోండి, లేదంటే కరెంటు గీజరు పెట్టుకోండి. మార్పించేదాకా నీళ్లు పొయ్యి మీద కాచుకుని, బకెట్టులో పోసుకుని స్నానం చేయండి. రేపు పొద్దున్నే ప్లంబరును పిలవండి. మీ అంతస్తులో ఇంకెవరి బాత్రూములోనైనా ఇలాంటిది ఉందేమో కూడా కనుక్కోండి.